తోపుడు వ్యాను

డ్రైవరు బానెట్ ఎత్తి రేడియేటర్లో నీళ్ళు పోస్తున్నాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, పొట్ట ఇనుముకు తగలకుండా వెనక్కి లాక్కుని, కొంగలా వంగి పోస్తున్నాడు. "ఆఖరి రోజైనా చొక్కాకు మసి అంటకుండా రండి" అని పొద్దున్నే భార్య హెచ్చరించింది మరి. రేపట్నుంచి మీ గోల నేనే పడాలి అని కూడా అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో దిగులేమీ కనిపించలేదు.

అది ఖైదీలను జైలు నుంచి కోర్టుకు తిప్పే పోలీసు వ్యాను. దానితోపాటే డ్రైవరూ ముసలివాడయ్యాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పైవాళ్ళ చేత సంజాయిషీ అడిగించుకోలేదు. ఉద్యోగంలో ఆయన సంపాదించుకున్న పేరు అదొక్కటే. సాయంత్రం తాళంచెవి అప్పగించి రిటైరయ్యేదాకా అది నిలబడితే చాలు.

ఇవాళ ఎక్కించుకున్నది గెద్ద అని పేరుపడ్డ పాత రౌడీని. ఒకప్పుడు ఆ పేరు వింటే బజారంతా తలుపులు బిగించుకునేది. ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుపోయి, మెట్టెక్కడానికి కూడా మనిషి సాయం కావాలి. కేసులు మాత్రం ఆయనకంటే ఆరోగ్యంగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి వాయిదాలకు తిప్పుతూ తిప్పుతూ, డ్రైవరు తన ముందున్న అద్దాన్ని ఇనుప జాలీ వెనక ఖైదీల బల్ల మూలకు వంచి పెట్టుకున్నాడు. గెద్ద ఎప్పుడూ అక్కడే కూర్చుంటాడు. ఇద్దరూ అద్దంలోనే మాట్లాడుకుంటారు.

"రేపట్నుంచి నా మొహం చూసే బాధ తప్పింది నీకు," అన్నాడు గెద్ద.

"ఇంట్లో అద్దంలో నా మొహం చూసుకోవాలిగా. అదింకా కష్టం," అన్నాడు డ్రైవరు.

కోర్టు పని ముగిసి తిరిగొస్తుంటే ఊరి బయట వ్యాను ఆగిపోయింది. ఇది మామూలే. కొత్త బ్యాటరీ ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అంటున్నారే గానీ వచ్చింది లేదు. అందుకని ఆ వ్యానుకో ఆచారం ఏర్పడింది. ఎక్కినవాళ్ళంతా దిగి తోయాలి, ఖైదీతో సహా. సంకెళ్ళతో తోయడం కుదరదు కాబట్టి అవి విప్పేస్తారు. ఇంజను అందుకున్నాక మళ్ళీ ఆపకూడదు. వ్యాను నెమ్మదిగా పాకుతుండగానే కానిస్టేబుళ్ళిద్దరూ గెద్దను చెరో రెక్క పట్టుకుని లోపలికి ఎత్తేస్తారు.

"బరువు వెయ్యి పెద్దాయనా, ఊరికే చెయ్యి ఆనించకు!" అని అరిచాడు ఒక కానిస్టేబుల్.

"నేను చూస్తే చాలు, ఊరంతా కదిలేదిరా. ఇది కదలదేం!" అని మూలిగాడు గెద్ద.

ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. మళ్ళీ ఆగిపోతుందేమోనన్న భయంతో డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. కానిస్టేబుళ్ళిద్దరూ నవ్వుకుంటూ పరిగెత్తుకొచ్చి ముందు సీట్లోనే ఎక్కారు. ముసలాణ్ణి వాడెక్కించాడని వీడు, వీడెక్కించాడని వాడు అనుకున్నారు.

వంతెన దాటాక డ్రైవరు అలవాటుగా అడిగాడు. "మోకాళ్ళెలా ఉన్నాయి పెద్దాయనా?"

అద్దంలోకి చూశాడు. బల్ల మూల ఖాళీగా ఉంది, వెనక తలుపు ఊగుతోంది.

ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్ళ పేరూ ఇంకొక గంటలో ఒడ్డున పడేదల్లా రోడ్డున పడింది. కానిస్టేబుళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, వాళ్ళ పిల్లలింకా బడిలో ఉన్నారు. ఆ ఇరుకు రోడ్డు మీద ఇంజను ఆగనివ్వకుండా వ్యానును వెనక్కి తిప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

గెద్ద రోడ్డు పక్కన రాతి మీద కూర్చుని ఉన్నాడు. ఒక చెప్పు కాలికి ఉంది, ఇంకోటి చేతిలో ఉంది.

"చెప్పు జారిందని వంగితే వదిలేసి పోతార్రా? మీరేం పోలీసులురా!" అని విరుచుకుపడ్డాడు.

కానిస్టేబుళ్ళు ఆయన్ని ఎక్కించి, సంకెళ్ళు వేసి, ఈసారి ఇద్దరూ చెరోపక్కా అతుక్కుని కూర్చున్నారు. కాస్త దూరం పోయాక డ్రైవరు అద్దంలోకి చూశాడు.

"పారిపోవాలనిపించలేదా?"

"ఎందుకనిపించదు? ఆ చెట్ల దాకా నడిచాను కూడా."

"మరి?"

"రేపు పేపర్లో నా పేరు పక్కన నీ పేరు వేస్తారు. నా పక్కన పేరు పడ్డవాడెవడూ బాగుపడలేదయ్యా."

ఈ మనిషి చేసిన హత్యలు డ్రైవరు మరిచిపోలేదు. పోయినవాళ్ళ తాలూకు ఆడవాళ్ళు కోర్టు వరండాలో ఏడవడం కళ్ళారా చూశాడు. అయినా ఆ క్షణాన గెద్ద మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అది తప్పో ఒప్పో తేల్చుకోబోలేదు.

జైలు గేటు దగ్గర గెద్ద ఆయన భుజం పట్టుకుని దిగాడు. వ్యాను తోసిన చేతి మసి చొక్కాకు అంటుకుంది.

"రేపొచ్చేవాడికి చెప్పు, తోసేటప్పుడు రెండో గేరులో క్లచ్ వదలమని."

"నువ్వే చెప్పు పెద్దాయనా. నీకంటే ఎక్కువ తోసినవాడెవడున్నాడు?"

గెద్ద నవ్వి, తల వంచి, చిన్న తలుపులోంచి లోపలికి వెళ్ళిపోయాడు.

డ్రైవరు వ్యానును వాలు మీద నిలిపి, చక్రం కింద ఇటుక పెట్టి, తాళంచెవి అప్పగించాడు. ఎవరూ ఏ సంజాయిషీ అడగలేదు. ఇక జవాబు చెప్పుకోవలసింది భార్యకొక్కదానికే, అదీ భుజం మీది మసికి. హాయిగా ఈల వేసుకుంటూ ఇంటిదారి పట్టాడు.

అద్దాన్ని సరిచేసి పెట్టడం మాత్రం మరిచిపోయాడు. అది ఇంకా జాలీ వెనక బల్ల మూలకేసే చూస్తోంది.