అర్డిస్ డబ్బాలోని రక్తదాతలు

అమెరికాలో డులూత్ ఊళ్ళోని మా రక్తకేంద్రంలో డేటాబేస్ చూసుకునేది నేనొక్కదాన్నే. పోయిన చలికాలం దాతల పేర్లన్నిటినీ తాళంచెవి ఉంటేనే చదవగలిగేలా ఎన్‌క్రిప్ట్ చేశాను. అదీ మామూలుగా కాదు, గొప్పకు పోయి చేశాను. ఒకే పేరు ఇద్దరికుంటే రెండుచోట్లా రెండు వేర్వేరు గజిబిజి అక్షరాలుగా మారేలా అమర్చాను. దొంగ మొత్తం ఎత్తుకుపోయినా వాడి చేతికి బూడిదే మిగులుతుంది. ఆ సాయంత్రం నా భుజం నేనే తట్టుకున్నాను.

దొంగ సంగతి దేవుడెరుగు, మావాళ్ళకే పేర్లు దొరక్కుండా పోయాయి. ఏ పేరు ఏ గజిబిజిలో ఉందో యంత్రానికీ తెలియదు కదా. ఒక్క మనిషి కోసం రెండు లక్షల పేర్లకూ ఒక్కొక్కదానికే తాళం తీసి చూడాలి. రెప్పపాటులో అయ్యే పనికి పదకొండు నిమిషాలు పట్టసాగింది. వచ్చిన దాతలని చూసుకునే ముందు బల్ల దగ్గర కూర్చునే అర్డిస్ టాలెఫ్‌సన్, డెబ్బై దాటిన మనిషి, మొదట్లో రోజుకి పదిసార్లు నాకు ఫోన్ చేసేది. తర్వాత మానేసింది. అలవాటు పడిందనుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

మార్చిలో తనిఖీ అన్నారు. అందులో తప్పితే డేటా అంతా మినియాపొలిస్ పెద్దాఫీసుకి పోతుంది, దాంతోపాటే నా ఉద్యోగమూ పోతుంది. నాకు ఈ ఊరు వదలడం చచ్చినా ఇష్టం లేదు.

తనిఖీకి వచ్చినాయన పేరు క్లేటన్ ర్యుడ్. తాళంచెవులు ఎక్కడుంటాయి, ఎవరి దగ్గరుంటాయి అంటూ పొద్దుటంతా తవ్వాడు. అన్నిటికీ తల ఊపాడు. చివరికి ముందు బల్ల దగ్గరికొచ్చాడు.

"ఒక దాతని ఎలా వెతుకుతారో చూపించండి. నా పేరే కొట్టండి, నేనూ ఇక్కడే ఇస్తాను రక్తం."

అర్డిస్ కొట్టింది. తెర మీద చక్రం తిరగడం మొదలెట్టింది. మా వైపు మనిషిని నిలబెట్టి ఊరుకోవడం మహాపాపం. మొదటి నిమిషం మంచు గురించి మాట్లాడింది. రెండో నిమిషం కాఫీ ఇచ్చింది. మూడో నిమిషం నిమ్మకాయ బిళ్ళలు పెట్టింది. నాలుగో నిమిషానికి ఆవిడ దగ్గర సరుకైపోయింది.

"పాపం, మిమ్మల్ని ఎంతసేపని నిలబెడతాం. ఉండండి," అంటూ బల్ల కిందనుంచి నీలం బిస్కెట్ల డబ్బా తీసింది. అందులో వరసగా కార్డులు. ఒకటి లాగి, వెనక కూర్చున్నవాళ్ళక్కూడా వినపడేలా చదివింది.

"క్లేటన్ ర్యుడ్. ఓ నెగెటివ్. సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి, పడుకోబెట్టే తియ్యాలి. కిందటిసారి పడిపోయిన సంగతి ఇంట్లో ఆవిడకి చెప్పొద్దన్నాడు."

హాల్లో ఆరుగురున్నారు. ఒక్కరూ నవ్వలేదు. అందరూ తమ బూట్లు చూసుకున్నారు.

నేను డబ్బాలోకి వంగి చూశాను. "ఎన్నున్నాయి ఇవి?"

"నాలుగువందలే తల్లీ, తరచూ వచ్చేవాళ్ళవి. నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని చెప్పలేదు. పెన్సిల్‌తోనే రాశాన్లే."

"ఈ డబ్బాకి తాళం ఉందా?" అన్నాడు ర్యుడ్.

"మూతుంది," అంది అర్డిస్.

వీధి గుమ్మానికి ఏడు తాళాలేసి పెరటి తలుపు తీసిపెట్టింది నేనే. నెపం ఆవిడ మీదికి నెట్టెయ్యొచ్చు, ఆవిడ నోరెత్తదు కూడా. సిగ్గేసింది.

"తప్పు ఈవిడది కాదండీ. వెతకడానికి వీల్లేకుండా దాచింది నేను. ఈవిడ పని ఆగకూడదు కదా, తన దారి తను చూసుకుంది."

ఆయన డబ్బాకి మూత పెట్టాడు. "సోమవారం వస్తాను. డబ్బా ఉండకూడదు. వెతకడానికి సెకను దాటకూడదు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ముందు నా కార్డు చింపండి."

దాచిన ప్రతి పేరు పక్కనా ఒక చిన్న వేలిముద్ర లాంటిది పెట్టాను. దాన్నిబట్టి పేరు చెప్పడం ఎవరి తరమూ కాదు, కానీ అదే పేరు మళ్ళీ కొడితే అదే ముద్ర వస్తుంది. కొట్టగానే దొరికేలా ఆ ముద్రలకి ఇండెక్స్ కట్టాను. సోమవారం అర్డిస్ మీట మీదనుంచి వేలు తీసేలోపే ర్యుడ్ పేరు తెర మీదికొచ్చింది. ఆయన సంతకం పెట్టాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అర్డిస్ మాత్రం మొహం ముడుచుకుంది. "పేరుంది, గ్రూపుంది, బానే ఉంది. ఈయన పడిపోతాడని ఎక్కడుంది తల్లీ?"

ఎక్కడా లేదు. పన్నెండేళ్ళుగా ఆ పట్టికలు కడుతున్నాను, అలాంటిదొకటి ఉండాలని నాకెప్పుడూ తోచలేదు. ఆ వారమే ఇంకో గడి చేర్చాను. సరేనంటూ ర్యుడ్ పెట్టిన షరతు ప్రకారం దాని తాళంచెవి ముందు బల్లకీ నర్సులకీ తప్ప ఎవరికీ ఉండదు, నాతో సహా.

కార్డులన్నీ చింపేశాక అర్డిస్ గుర్తున్నవాళ్ళందరి గురించీ కొడుతూ కూర్చుంది. ఒకసారి నేనటు వెళితే తలెత్తింది.

"నువ్వూ ఇస్తావుగా రక్తం?"

"ఇస్తాను."

నా వంక కాసేపు చూసి, కొట్టడం మొదలెట్టింది. నాలుగు వరసలు దాటినా ఆగలేదు.

"ఏం రాశారు?"

"ఉన్నదే రాశాను."

నా బల్ల దగ్గరికి పరిగెత్తినంత పని చేసి డేటాబేస్‌లో నా పేరున్న వరస తెరిచాను. మూడు వందల గజిబిజి అక్షరాలు. అటునుంచి చూశాను, ఇటునుంచి చూశాను. చాలా బాగా వేశాను తాళం.