ఓదెమ్మ చేతుల్లో బొచ్చె

సాయంత్రం నాలుగింటికల్లా ఓదెమ్మ అంట్లు తోమి, కొంగు నడుముకు చెక్కి, గాలం కర్ర పట్టుకుని వరాలా తలావ్ అనే చెరువుకు బయల్దేరేది. గోదావరి ఒడ్డున ముదిరాజుల ఇంట పుట్టిన మనిషి. మరమగ్గాల ఊరు భివండికి వచ్చి ఇరవై ఏళ్ళయినా నీళ్ళు చూడనిదే ఆమెకు పొద్దు గడిచేది కాదు. చిన్న చేపలు పడితే కూరకు తెచ్చేది. అందులోని పెద్ద బొచ్చె చేప పడితే మాత్రం మళ్ళీ నీళ్ళకే ఇచ్చేది.

ఆ బొచ్చె చంటిపిల్లవాడంత బరువుండేది. అది నీళ్ళలోంచి పైకి లేస్తే ఊళ్ళో కనేరి నుంచి టెంఘర్ దాకా మగ్గాలు ఆగేవి. బల్బులు వెలుగుతూనే ఉండేవి, పంకాలు తిరుగుతూనే ఉండేవి. మగ్గాలూ, నూలు చుట్టే కండెల మిషన్లూ మాత్రం ఆగేవి. "ఓదెమ్మకు చాప పడ్డట్టున్నది" అంటూ పనివాళ్ళు నడుము సాపు చేసుకునేవారు. సేట్లు కూడా ఏమీ అనేవారు కాదు. ఛాయ్ గ్లాసు సగమన్నా ఖాళీ కాకముందే చప్పుడు మళ్ళీ మొదలవుతుందని వాళ్ళకు తెలుసు.

ఓదెమ్మ పద్ధతి అట్లాంటిది. ముల్లు దవడను చీరకుండా జారి రావాలని గాలం కొక్కేన్ని ముందే రాయితో అరగదీసి నున్నగా చేసేది. చేపను గట్టు మీదికి ఈడ్చేది కాదు. తానే మోకాళ్ళ లోతుకు దిగి, రెండు చేతులూ బాగా తడుపుకుని, ఒకటి పొట్ట కిందా ఇంకోటి తోక మొదట్లోనూ పెట్టి ఎత్తేది. పొడి చెయ్యి తగిలితే ఒంటి మీది జిగురు ఊడి చేపకు పుండ్లు పడతాయి. ఎత్తే ముందు తన ఊపిరి బిగబట్టేది. నోరు బాగుందో లేదో చూసి, తనకు గాలి కావాలనిపించగానే దాన్ని నీళ్ళలోకి దించేది.

"మా డాక్టరు కూడా నన్నింత జాగ్రత్తగా పట్టుకోడమ్మా" అనేవాడు నడకకు వచ్చే కిరాణా శంకరరావు.

తొంభై ఏడులో, వానలు వెనకబట్టాక, ఒక మంగళవారం. ఓదెమ్మ గాలం ఇంకా వెయ్యనే లేదు. చేతులు తడుపుకుంటుంటే బొచ్చె తనంతట తానే వచ్చి అరచేతుల్లో ఒరిగింది. దెబ్బేమైనా తగిలిందేమోనని ఊపిరి బిగబట్టి ఎత్తింది. ఊరి చప్పుడు ఆగింది. చూస్తే ఒంటి మీద గీత కూడా లేదు. దించబోయింది. చేప తోక ఆమె మోచేతికి చుట్టుకుని బిగిసింది.

"ఏంది తల్లీ, గిట్ల చేస్తే సస్తవు" అంది ఓదెమ్మ.

తోక సడలలేదు. ఎన్నడూ తప్పని మనిషి ఆ రోజు రెండోసారి ఊపిరి పీల్చుకుంది, మూడోసారీ పీల్చుకుంది. చేపను జారనివ్వలేదు. మొప్పలు కదలడం నెమ్మదించింది. అప్పుడు సడలింది తోక.

నీళ్ళలో దించగానే బొచ్చె వెల్లకిలా తిరగబోయింది. దూరాన మగ్గాలు మొదలయ్యాయి. ఓదెమ్మ దాన్ని నిటారుగా పట్టుకుని, నడుము లోతులో మెల్లగా ముందుకు నడిచింది, నోట్లో దూరిన నీళ్ళు మొప్పల గుండా పారేటట్టు. ఒక్క అడుగు కూడా వెనక్కి లాగలేదు. ఒడ్డు వెంట ఆ చివరిదాకా పోయి, మళ్ళీ ఇటు తిరిగింది.

తిరిగి వచ్చేసరికి తోటికోడలు మల్లవ్వ ఒడ్డున ఉంది. పక్కన ఆమె మొగుడు దేవయ్య. నడుము దాటే మల్లవ్వ జడ చెవుల దగ్గరికి తెగిపోయి ఉంది.

"కండెల మిషన్ షాఫ్టుకు జడ చుట్టుకున్నదక్కా" అంది మల్లవ్వ. "తల పోయి ఇనుముకు తగిలింది. గప్పుడే ఆగింది. జుట్టు కత్తిరించి నన్ను ఇవతలికి గుంజినంక గని షురూ కాలే."

"స్విచ్ దిక్కు ఉరికిన వదినా" అన్నాడు దేవయ్య. "సగం దూరం కూడ పోలే, అదే ఆగింది."

ఓదెమ్మ ఆ తెగిన జుట్టు వంక చూసింది. చేతుల్లోని చేపను చూసింది.

"దిగు" అంది మల్లవ్వతో. "చేతులు తడుపుకో. పొట్ట కింద పట్టు. పిసకకు."

ఇద్దరూ నడిచారు. నడకకు వచ్చినవాళ్ళు ఒడ్డున నిలబడిపోయారు. కాసేపటికి మొప్పలు నిండుగా తెరుచుకోసాగాయి.

"ఇంక ఇడుద్దమా అక్కా?"

"మనం ఇడిసేది కాదు మల్లవ్వా. తయారైతే అదే పోతది."

నాలుగు చేతుల మధ్య చేప వీపు బిగుసుకుంది. తోక ఒక్కసారి కొట్టింది. ఇద్దరి మొహాలూ తడిశాయి. నల్లటి నీడ ఒకటి లోతుకు జారిపోయింది.

మల్లవ్వ చాలాసేపటి దాకా నీళ్ళలోంచి చేతులు తియ్యలేదు.