పచ్చబిళ్ళ మీది దుమ్ము

ముప్పై నాలుగేళ్ళు నేను గని మీద ల్యాంపు రూములో పనిచేశాను. షిఫ్టు దిగి వచ్చిన ప్రతి మనిషీ నెత్తి మీది దీపం విప్పి నా కిటికీలో పెట్టేవాడు. దాని గాజు తుడిచి ఛార్జింగుకు పెట్టడం నా పని. ఎంత బాగా తుడిచేవాణ్ణంటే, ఒకసారి నా దీపాల వెలుగుకు బొగ్గు తెల్లగా కనబడి, సున్నపురాయి తవ్వుతున్నామని భయపడి ఒక షిఫ్టు మొత్తం పని ఆపి పైకొచ్చింది. ఆ షిఫ్టువాళ్ళెవరూ ఇప్పుడు లేరు. కాబట్టి ఇది అబద్ధమని చెప్పే సాక్షి కూడా లేడు.

ఈ కథకు మాత్రం సాక్షి ఉంది. మా తమ్ముడి బిడ్డ లిల్లీ.

లిల్లీ గోదావరిఖనిలోనే డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్తుంది. 2008లో బెంగళూరులో నక్షత్రాలు చూసే ఒక సంఘం వాళ్ళు ఆమెకు ఒక కెమెరా వాడుకోమని ఇచ్చారు. దాన్ని తన టెలిస్కోపుకు బిగించి తెచ్చి మా డాబా మీద పెట్టింది. వాళ్ళింటి మీద వేపచెట్టు అడ్డం. వాళ్ళు చెప్పిన నక్షత్రం ఎంత వెలుగుతున్నదో కొలిచి పంపాలి, అంతే పని. రెండు నెలలు పంపింది. రెండుసార్లూ కొలతలు పైకీ కిందికీ ఊగాయట. బొగ్గు ఊళ్ళో దుమ్ము ఎక్కువ, జనవరి కొలత కూడా నిలకడగా రాకపోతే కెమెరా పంపించెయ్యండి, ఇంకొకరికి ఇస్తామని వాళ్ళు ఉత్తరం రాశారు.

జనవరి కొలతంటే ఒక్క పొద్దుటి పని. ఆ నక్షత్రం ఒకటి కాదట, రెండట. ఒకదానికొకటి అడ్డం వచ్చినప్పుడు వెలుగు తగ్గుతుంది. మా ఊరికి కనబడేలా అడ్డం వచ్చేది ఆ నెలలో ఒక్క తెల్లవారుజామునే. అది తప్పితే కెమెరా పోయినట్టే.

ఆ రోజు నాలుగింటికే వచ్చింది. టీ గ్లాసు పట్టుకుని నేనూ డాబా ఎక్కాను. ముందు టెలిస్కోపుకు మూత పెట్టి ఫోటోలు తీసింది. వేడికి కెమెరాలో దానంతటదే కొన్ని చుక్కలు పుడతాయట, వాటిని చీకట్లో పట్టుకుని తర్వాత తీసెయ్యాలట. చీకటి ఫోటోకు ఇంత ఖర్చెందుకు బిడ్డా, నన్ను అడిగితే గనిలోంచి బస్తాడు చీకటి తెప్పించేవాణ్ణి కదా అన్నాను. లిల్లీ నవ్వలేదు. కెమెరా పోతుందన్న బెంగ మొహం నిండా ఉంది.

తర్వాత రెండు గంటల్లో ఎనభై ఫోటోలు తీసింది. ఫోటోలో పక్కనున్న నక్షత్రాలను పుస్తకంలోని పటంతో సరిచూసి, మన నక్షత్రం ఇదేనని వేలు పెట్టి చూపించింది. గనిలో సర్వేవాళ్ళు కప్పుకు కొట్టిన మేకులు చూసి దారి కొలిచినట్టే, తెలిసిన చోటు నుంచి తెలియని చోటుకు.

తెల్లవారుతుండగా టెలిస్కోపు మూతికి తెల్లగుడ్డ కట్టి ఉత్త ఆకాశం వెలుగును ఫోటో తీయాలి. అందులో నక్షత్రాలుండవు, గాజు మీది దుమ్ము నీడలే ఉంటాయి. ఆ నీడల ప్రకారం మొదటి ఫోటోలను సరిచేస్తే వెలుగు కొలత నిలబడుతుంది. గుడ్డ కోసం లిల్లీ కిందికి దిగింది. నా భార్య యేసమ్మ చర్చికి కట్టే తన తెల్లచీర ఇవ్వనని కాసేపు వాదించినట్టుంది.

ఆలోగా డాబా మీద నేనొక్కణ్ణే. కెమెరా ముందు చిన్న సొరుగు, అందులో వెలుగును వడగట్టే పచ్చటి గాజు బిళ్ళ. ఊరికే లాగి చూశాను. దాని మీద మూడు నల్లటి రవ్వలు. నా చెయ్యి నన్ను అడగలేదు. బనీను అంచుతో గుండ్రంగా రెండుసార్లు తుడిచి, దీపాన్ని గూట్లో పెట్టినట్టు మళ్ళీ సొరుగులో పెట్టేసింది.

లిల్లీ వచ్చి గుడ్డ కట్టి ఫోటోలు తీసి కంప్యూటరులో చూసింది. నక్షత్రాల ఫోటోల్లో చేతిగాజుల్లా గుండ్రంగా, మసకమసకగా మూడు నీడలున్నాయి. గుడ్డ ఫోటోల్లో ఒక్కటీ లేదు.

"పెద్దబాపు, బిళ్ళ తుడిచినవా?"

"మసి ఉంటే తుడవకుంటే ఎట్ల బిడ్డ?"

"ఆ మసే కావాలె నాకు. ఫోటో తీసినప్పుడు ఎట్లున్నదో గట్లనే ఉండాలె."

అరిస్తే బాగుండేది. అరవలేదు, నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూర్చుంది. యేసమ్మ మెట్ల మీద నుంచి, ఇంట్లో ఒక్క గ్లాసు కడగని మనిషి ఇక్కడికొచ్చి గాజు తుడిచిండా అని దెప్పింది.

కాసేపటికి లిల్లీయే చెప్పింది. టెలిస్కోపును తిప్పే మోటారు నక్షత్రంతో సమానంగా తిరగదు, కొంచెం వెనకబడుతుంది, అందుకే రెండు గంటల్లో నక్షత్రం ఫోటోలో ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిగింది. ఆ జరగడంలో ఒక నీడ మీదుగా పోయింది. వెలుగు తగ్గింది నక్షత్రం వల్లనా, మసి వల్లనా? ఏమని రాయాలె అని అడిగింది.

ల్యాంపు రూములో మాకొక సున్నం కొట్టిన గోడ ఉండేది. దీపం వెలుగు దాని మీద పడేసి చూస్తే మరక కనబడుతుంది. మరక గోడదా, గాజుదా? దీపాన్ని చేతిలో కొంచెం తిప్పాలి. వెలుగుతో పాటు మరక తిరిగితే గాజుది, కదలకుండా ఉంటే గోడది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు నేర్పేది ఇదే.

"నక్షత్రం నడిచింది సరే. మరక నడిచిందా?" అన్నాను.

"లేదు. అది గాజు మీదిది, ఫోటోలో ఆ జాగల్నే ఉన్నది."

"అయితే నడిచిన వాటిని తీసెయ్యి. నడవనిది మిగుల్తది."

లిల్లీ నా వైపు చూసింది. ఎనభై ఫోటోలను ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక్కో చోట మధ్యరకం వెలుగు మాత్రమే తీసుకుంటే నక్షత్రాలు మాయమవుతాయని మెల్లగా తనలో తను అనుకుంది. కానీ వెనక ఆకాశం నల్లగా ఉంటే నీడ కొలతకు అందదు, కొంతైనా వెలుగుండాలంది. అంతలోనే లేచి నిలబడి గోదావరి వైపు చూసింది. అక్కడ కరెంటు ఫ్యాక్టరీ దీపాలు ఇంకా ఆర్పలేదు. రెండు నెలలుగా ఆకాశాన్నంతా పాలనీళ్ళలా చేస్తున్నాయని ఆమె తిట్టని రోజు లేదు.

"ఇంత వెలుగు చాలు పెద్దబాపు. మస్తు చాలు."

మొదటి షిఫ్టువాళ్ళు సైకిళ్ళ మీద పోతుంటే మేము ఫోటోలు పేర్చాం. అంటే ఆమె పేర్చింది, నేను పక్కన కూర్చుని ఎన్నో ఫోటో అని అడిగాను. నక్షత్రాలు పోయాయి. మూడు నీడలు గాజుల్లా తేలాయి. వాటితో ఎనభై ఫోటోలనూ సరిచేసి, ముందు మన నక్షత్రాన్ని ముట్టకుండా, ఎప్పుడూ మారని ఇంకొక నక్షత్రాన్ని కొలిచింది. సరిచెయ్యకముందు అది నీడ మీదికి వచ్చినప్పుడల్లా మసకబారేది. ఇప్పుడు మొదటి ఫోటో నుంచి ఎనభయ్యో ఫోటో దాకా గీత గీసినట్టు ఉంది. మన నక్షత్రం మాత్రం చక్కగా కిందికి దిగి, అడుగున కాసేపు ఆగి, మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం నెట్ సెంటరు నుంచి కొలతలు పంపింది. పని మధ్యలో బిళ్ళ తుడిచారని, నీడలను నక్షత్రాల ఫోటోల నుంచే తీశామని కూడా రాసింది. గాలికి దుమ్ము పోయిందని రాస్తే సరిపోతుంది కదా అన్నాను.

"గాలి బనీను వేసుకోదు పెద్దబాపు. నారలు అంటుకున్నయి బిళ్ళకు."

తొమ్మిది రోజులకు జవాబొచ్చింది. అదే పొద్దున నాసిక్‌లో ఒకాయన అదే నక్షత్రాన్ని కొలిచాడట. ఆయన కొలతకూ లిల్లీ కొలతకూ తేడా వందో వంతు కూడా లేదు. కెమెరా ఇంకో ఏడాది మీ దగ్గరే ఉండనివ్వండి, వీలైతే ఇంకో నాలుగు నక్షత్రాలు కూడా చూడండని పేర్లు రాశారు. లిల్లీ ఆ ఉత్తరం యేసమ్మకు రెండుసార్లు చదివి వినిపించింది. తర్వాత కాలేజీకి టైమవుతున్నదని మెట్లు దిగుతూ, అందులో మొదటిది మార్చి నెలలో వస్తుంది, నాలుగింటికి లేవాలె అని నాకు చెప్పి పోయింది.