సగం కాపీ కొట్టిన గుడి

ఇంగ్లండులోని న్యూకాసిల్ నుంచి అరగంట కారులో వెళితే పెన్షా గుట్ట. దాని నెత్తిన గ్రీకు గుడి. గుట్ట ఎక్కుతున్న హైమకు నల్లద్దాలు, గడ్డిటోపీ, కాళ్ళకు పల్చటి చెప్పులు అన్నీ ఉన్నాయి. ఎండ ఒక్కటే లేదు.

అవన్నీ ఏథెన్స్ కోసం కొన్నవి. వీసా అపాయింట్‌మెంట్ దొరకలేదు. ఆఫీసులో సెలవు మాత్రం దొరికింది. "కొన్న టోపీలు పెట్టుకోవాలిగా, పద," అని భర్త క్రాంతి పొద్దున్నే కారు తీశాడు. పూలచొక్కా వేసుకుని, దారిలో ఎదురైన ప్రతి కుక్కకూ "కలిమేరా" అంటూ గ్రీకులో శుభోదయం చెబుతున్నాడు. హైమ నవ్వలేక పొట్ట పట్టుకుంది.

నవ్వుతోందే గానీ, లోపల ఒకటే గుబులు. నాగేశ్వరి టీచరు!

హైమ వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి తనే. దాటించింది తణుకు హైస్కూల్లో సోషల్ చెప్పిన నాగేశ్వరి టీచరే. "ఏథెన్స్ గుడిలో ఆ స్తంభాల మధ్య నిలబడి ఒక్క ఫోటో పంపవే, చాలు," అని పోయిన నెల ఫోన్లో అడిగింది. శుక్రవారానికల్లా పంపుతానని హైమ మాటిచ్చింది. ఈ రోజే శుక్రవారం. వీసా సంగతి ఇంతవరకూ చెప్పలేదు.

"గడ్డి కనపడకుండా తీస్తాలే. స్తంభం, ఆకాశం, నువ్వు. గ్రీకువాళ్ళే పోల్చుకోలేరు," అన్నాడు క్రాంతి.

"టీచరు పోల్చుకుంటుంది. నా హోంవర్కులో మా బావ చేతిరాత పట్టేసింది!"

పైకి చేరేసరికి ఈదురుగాలి టోపీని ఎగరేసింది. కలిమేరా చెప్పించుకున్న గోధుమరంగు కుక్క ఒకటి దాన్ని నోట కరుచుకుని పరుగు తీసింది. దాని వెనకాల క్రాంతి. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. వీడియో కాల్.

"ఏథెన్స్ చేరావుటే?"

చేరానండీ అంటే సరిపోతుంది. వెనక స్తంభాలు కూడా ఉన్నాయి.

"లేదండీ టీచర్ గారూ. వీసా రాలేదు. ఇది ఇంగ్లండే. అక్కడి గుడి చూసి ఎప్పుడో నూట ఎనభై ఏళ్ళ కిందట కట్టిన కాపీ అండీ. మీకెలా చెప్పాలో తెలీక..."

"వీసానేనా? వారం నుంచీ ఉలుకూ పలుకూ లేకపోతే నీకేమైందోనని హడిలిచచ్చాను!" టీచరు కళ్ళజోడు సర్దుకుంది. "కాపీ అంటున్నావు, ఎవరిది చూసి కొట్టారు?"

"కమ్మరి దేవుడి గుడటండీ."

"ఉండు, పుస్తకం తెస్తా." పేజీలు తిప్పిన చప్పుడు. "ఊఁ, ముందువైపు స్తంభాలెన్ని?"

"నాలుగండీ."

"అసలుదానికి ఆరు. పక్కన?"

హైమ చెప్పులు టపటపలాడించుకుంటూ పరిగెత్తింది. "ఏడూ!"

"అసలుదానికి పదమూడు. పైకప్పు?"

"లేదండీ!"

"గర్భగుడి?"

"అదీ లేదండీ!"

"కాపీ కొట్టడం కూడా చేతకాలేదన్నమాట. ఆ నలుపేమిటి?"

"బొగ్గు పొగటండీ."

"పేపరు మీద సిరా కూడా ఒలకబోశారూ! పదికి అయిదు మార్కులు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఈలోగా క్రాంతి రొప్పుతూ వచ్చాడు. చేతిలో టోపీ ఉంది, దాని అంచు లేదు.

"ఆ పూలచొక్కా ఎవరే, గైడా?"

"మా ఆయనండీ."

"అయితే ఫోటో తియ్యమను. కింద ఇంగ్లండు అని రాయి. మా వాకింగ్ బ్యాచ్‌కి చూపించి, తప్పులన్నీ నేనే చెబుతాను."

కొరికిన టోపీ పెట్టుకుని హైమ స్తంభాల మధ్య నిలబడింది. గడ్డీ మబ్బూ, ఆఖరికి ఆ కుక్క కూడా పడేలా తీశాడు క్రాంతి. ఫోటో పంపిన నిమిషానికి జవాబొచ్చింది.

"ఎండేదీ? ఆ నల్లద్దాలు తీసి మళ్ళీ పంపు."