పాతవాళ్లనే ఉంచుతాం

ఆరంతస్తుల ఆ భవనానికి యజమాని వేరే ఉన్నా, దాని మంచిచెడ్డలన్నీ చూసేది మేనేజరమ్మే. కింద దుకాణాలు, పైన ఆఫీసులు, మధ్యలో ఒక పళ్ల డాక్టరమ్మ. లిఫ్టు ఆగినా, కుళాయి కారినా అందరూ ఆవిడ ప్రాణమే తోడేవారు. ఊడ్చి తుడిచే పని చేయిస్తున్న కంపెనీ ఉన్నట్టుండి మూతపడటంతో, కొత్తదాన్ని వెతికే పనీ ఆవిడ నెత్తినే పడింది.

"ఎవరిని పెట్టుకుంటావో నీ ఇష్టం," అన్నాడు యజమాని ఫోన్లో. "నా దాకా మాట రాకూడదు, అంతే."

అక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఆడవాళ్లకి పెద్దదిక్కు పొడుగక్క. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత ఎత్తు మనిషి. బూజు దులపడానికి నీకు కర్రెందుకని మిగతావాళ్లు ఆటపట్టించేవారు. కంపెనీ మూతపడిన కబురు తెలియగానే ఆమె మేనేజరమ్మ గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కొత్తవాళ్లు వస్తే మమ్మల్ని పంపించేస్తారంట కదమ్మా?"

"ఎవరన్నారు?"

"ఒకరు అనాలా? కొత్త నీరొస్తే పాత నీరు కొట్టుకుపోదూ! మా ఆయన మంచాన పడి ఉన్నాడు. ఈ వయసులో నన్నెవరు పనిలో పెట్టుకుంటారు తల్లీ?"

"నేనుండగా మిమ్మల్ని ఎవరూ తీసెయ్యరక్కా," అంది మేనేజరమ్మ. కొత్త కంపెనీ ఏమంటుందో ఆవిడకే తెలీదు. కానీ మాట ఇచ్చేసింది.

మొదట వచ్చిన కంపెనీ మనిషి కళ్లజోడాయన. నవ్వు తెలియని ముఖం. నేరుగా బేస్‌మెంట్‌లోని మరుగుదొడ్డికి వెళ్లి చుట్టూ చూశాడు.

"ఇక్కడ గాలాడే దారే లేదు. కడిగే మందులెక్కడ పెడతారు? ఎవరు కలుపుతారు?"

"అవన్నీ మా పాతవాళ్లకి తెలుసు. వాళ్లని మీరు తీసుకుంటారా?"

"శిక్షణ లేనివాళ్లని మేం పెట్టుకోమండి. మా మనుషులు మాకున్నారు."

మేనేజరమ్మకి ఒళ్లు మండింది. "మీ కంపెనీ పుట్టకముందు నుంచీ తుడుస్తున్నారు వాళ్లు."

"తుడవడం గురించి కాదండీ నేను..." అని అతను మొదలుపెట్టేలోపే ఆవిడ మెట్లెక్కేసింది.

రెండో కంపెనీ కాంట్రాక్టరు మాట తేనె. వాచ్‌మన్ భార్య నుంచి పళ్ల డాక్టరమ్మ దాకా అందరినీ అమ్మా అనే పిలిచాడు. "పాతవాళ్లనే ఉంచుతాం. మన ఆడపడుచుల్లాంటివాళ్లు, వాళ్ల ఉసురు మనకెందుకమ్మా?" అన్నాడు, మేనేజరమ్మ అడక్కుండానే. బేస్‌మెంట్ వైపు అడుగైనా వెయ్యలేదు.

ఇంట్లో బట్టలు మడతపెడుతూ అత్తగారు అంతా విన్నది. "అందరినీ అమ్మా అనేవాడు ఎవరికీ కొడుకు కాడే అమ్మాయ్. వాడి దగ్గర చేసినవాళ్లని ఎవరినైనా కనుక్కున్నావా?"

"కనుక్కుంటాను," అంది కోడలు. కనుక్కోలేదు. తనకి కావలసిన మాట అతని నోట వినేసింది మరి.

కొన్నాళ్లు అంతా బాగానే సాగింది. కొత్త నీలం చీరలు కట్టుకుని ఆడవాళ్లు మురిసిపోయారు. తర్వాత చేతి తొడుగులు రావడం మానేశాయి. మందులు పేరూ ఊరూ లేని డబ్బాల్లో రాసాగాయి. వాళ్లలో చిన్నది, గలగలా మాట్లాడుతుందని అందరూ చిలక అని పిలిచే పిల్ల, ఓ రోజు అననే అంది: "ఈ డబ్బాల్లో ఏముందో ఆ డబ్బాలకే తెలీదు మేడమ్." మేనేజరమ్మ కాంట్రాక్టరుకి ఫోన్ చేసింది. "రేపే మంచివి పంపిస్తానమ్మా," అన్నాడు. ఆ రేపు రాలేదు. ఆవిడ పనుల్లో ఆవిడ పడిపోయింది.

వానలు ముదిరాక బేస్‌మెంట్ మరుగుదొడ్డి పొంగింది. దుకాణాలవాళ్లు గొడవకి దిగారు. కాంట్రాక్టరు పొడుగక్కకే ఫోన్ చేసి, "ఉన్నవన్నీ పోసి తోమెయ్ అక్కా, సాయంత్రానికి అద్దంలా ఉండాలి," అన్నాడు. ఆమె ముందు బ్లీచింగ్ పౌడరు చల్లింది. కంపు పైకి రాకుండా తలుపు మూసుకుంది. ఆపైన పేరులేని డబ్బా ఎత్తి పోసింది. అందులో ఉన్నది యాసిడ్, రెండూ కలిస్తే పుట్టేది విషపు గాలి.

బకెట్ కోసం దిగిన చిలక కేక పెట్టింది. మేనేజరమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పరుగెత్తింది. పచ్చటి పొగలో పొడుగక్క బోర్లా పడి ఉంది. ఇద్దరూ దగ్గుతూ, కళ్లు మండిపోతుంటే, ఆమెను చెరో రెక్కా పట్టి లాగారు. అంత పొడుగు మనిషిని ఆ ఇరుకు మెట్లమీద మోయడం వాళ్లవల్ల కాలేదు. ఆమె కాళ్లు ప్రతి మెట్టుకీ కొట్టుకుంటూ వచ్చాయి.

"ప్రాణానికి ఫరవాలేదు," అన్నాడు ఆసుపత్రి డాక్టరు. "కానీ ఊపిరితిత్తులు కాలిపోయాయి. ఇక మునుపటి మనిషి కాదు."

మర్నాడు కాంట్రాక్టరు ఒక బోర్డూ మేకులూ పట్టుకొచ్చాడు. మందులు కలపరాదని ఎర్రక్షరాలతో రాసి ఉన్న ఆ బోర్డును మరుగుదొడ్డి గోడకి తనే కొట్టాడు.

"ఇది మొదటినుంచీ ఉందందామమ్మా. చదువురాని మనిషి, తోచింది చేసింది. మీకూ మంచిది, నాకూ మంచిది."

యజమానీ అదే అన్నాడు. ఇంట్లో భర్త, "ఆ కంపెనీని తెచ్చింది నువ్వు. నోరిప్పితే నీ మెడకే చుట్టుకుంటుంది," అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

తనిఖీకి వచ్చిన అధికారి బోర్డు చూశాడు. "ఇది ఎప్పటిది?"

"మొదటినుంచీ ఉందండీ..." అని కాంట్రాక్టరు అందుకున్నాడు.

"నిన్న కొట్టారు," అంది మేనేజరమ్మ. "డబ్బాల మీద పేర్లు లేవని నాకు ముందే చెప్పారు. ఒక్క ఫోన్ చేసి ఊరుకున్నాను. అది కూడా రాసుకోండి."

కాంట్రాక్టరు మీద కేసు పెట్టారు. అది నడుస్తూనే ఉంది. యజమాని కళ్లజోడాయన కంపెనీని పిలిపించాడు. పాతవాళ్లని తీసుకోమని మేనేజరమ్మ బతిమాలితే, కళ్లజోడాయన చిలకని మాత్రం శిక్షణకి తీసుకున్నాడు. మిగతావాళ్లకి వయసు మీరిందన్నాడు. వాళ్లు సంచులు సర్దుకుని ఆవిడ గది ముందు నుంచే వెళ్లారు. ఒకామె మాత్రం ఆగి, "నీ నిజం చల్లగుండ, మమ్మల్ని వీధిలో పడేసిందమ్మా," అంది. ఆ నెలాఖరుకి యజమాని మేనేజరమ్మనీ వద్దన్నాడు.

ఒక ఆదివారం ఆవిడ పొడుగక్క ఇంటికి వెళ్లింది. ఒకటే గది. ఒక మంచం మీద భర్త, గోడకి జారబడి భార్య. ఆవిడ వచ్చినా ఆమె లేచి నిలబడలేదు. నాలుగు మాటలకి ఒకసారి ఆగి ఊపిరి వెతుక్కుంటోంది.

"ఆ రోజు నేను ఆ కళ్లజోడాయన్నే పెట్టుకుని ఉంటే..." అంది మేనేజరమ్మ.

"పెట్టుకుంటే నన్ను తీసేసేవాడు." ఆగింది. "నిన్ను తిట్టుకునేదాన్ని." మళ్లీ ఆగింది. "గుండెల నిండా గాలి పీల్చి మరీ తిట్టుకునేదాన్ని తల్లీ."

ఆమె నవ్వబోయింది. అది దగ్గుగా మారి ఎంతకీ తెగలేదు. మేనేజరమ్మ వీపు రాసింది. నీళ్లిద్దామని చూస్తే బిందె ఖాళీగా ఉంది. దాన్ని చంకనెత్తుకుని, వీధి కుళాయి దగ్గరికి వెళ్లి వరుసలో నిలబడింది.