పేరు కింద బ్లడ్ గ్రూప్

"అరుగు" అనే వెబ్‌సైటు ఒకటుండేదని చెబితే ఇప్పుడు మాదాపూర్‌లో ఎవరైనా తెల్లమొహం వేస్తారు. దాన్ని పెట్టినవాడు మహేందర్. ఖాజాగూడ వాడు, ఒక కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీరు. వాళ్ళ తాత గొర్రెలు కాసిన చోట అద్దాల మేడలు లేచాయి, ఆ మేడల్లోనే మనవడికి ఉద్యోగం దొరికింది. దానికి సంతోషించాలో ఏడవాలో అతనికి ఎన్నడూ తేలలేదు.

అరుగు ఏమంత గొప్ప సైటు కాదు. కిరాయికి రూము ఎక్కడ దొరుకుతుంది, హాస్టల్ సాంబారు తిని ఎలా బతకాలి, మేనేజరు సెలవు ఇవ్వకపోతే ఏం చెప్పాలి, ఇవే కబుర్లు. పొద్దున అడిగినదానికి సాయంత్రం జవాబొచ్చినా ఎవరూ అలిగేవారు కాదు. అసలు పేర్లుండేవి కావు. మహేందర్ అక్కడ "రాతిగుట్ట". ఒకాయన "పెరుగన్నం". నీదే ఊరని అడగకూడదు, అది నియమం. కానీ ప్రతివాడూ తన పేరు కింద బ్లడ్ గ్రూపు మాత్రం రాసి తీరాలి. పులిహోర గురించి రాసినా సరే, అడుగున "రాతిగుట్ట, ఓ నెగటివ్" అని కనబడాల్సిందే. ఎవరికైనా రక్తం కావాల్సి వస్తే మహేందర్ ఆ విన్నపాన్ని అన్నిటికన్నా పైన అతికించేవాడు. ఇచ్చే మనిషి దొరికేదాకా అది అక్కణ్ణుంచి కదిలేది కాదు.

అక్కడే అతనికి "ఉసిరికాయ" పరిచయం. తెనాలి వైపు ఆవిడ, ఇంకో కంపెనీలో పని. ముఖం చూడకుండానే అక్కా అని పిలవడం అలవాటైపోయింది. 2009 డిసెంబరులో రాష్ట్రమంతా అట్టుడుకుతుంటే వీళ్ళిద్దరూ అరుగు మీద వాదించుకున్నారు. కలిసుంటే తప్పేంటని ఆవిడ. మా భూములు పోయినయ్, కొలువులు పోయినయ్ అని ఇతను. ఒకసారి అతను తాత గొర్రెల సంగతి పొడుగ్గా రాస్తే ఆవిడ మర్నాడు, "ఇది నాకు తెలియదు తమ్ముడూ, ఇంకా చెప్పండి," అని రాసింది. అతను ఇంకా చెప్పాడు. ఎవరి మనసూ మారలేదు, ఎవరి మనసూ విరగలేదు. అంతకన్నా ఏం కావాలి మనుషులకి?

కానీ మనిషికి ఉన్నది ఆనదు కదా. ఆఫీసులో కుమార్ అని ఒక కుర్ర ఇంజనీరు, ఇంకా ఆ ముసలి సైటేందన్నా, లోకమంతా ఫేస్‌బుక్‌ల ఉంటే అని రోజూ పోరేవాడు. మహేందర్‌కీ మనసు లాగింది. తన చేత్తోనే సైటు మూసేసి, అదే పేరుతో ఫేస్‌బుక్ గ్రూపు తెరిచాడు. అందరూ బిలబిలమంటూ వచ్చేశారు, ఈసారి అసలు పేర్లతో, ఇంటిపేర్లతో, ఫొటోలతో. ఉసిరికాయ పుణ్యవతి అయింది. ఇంటిపేరు చూస్తే చాలు, మనిషిది ఏ వైపో తెలిసిపోయేది. పేరు కింద బ్లడ్ గ్రూపు రాసుకునే చోటు అక్కడ లేదు. ఫొటోల స్థానంలో మాత్రం కొందరు జై తెలంగాణ అని, కొందరు సమైక్యాంధ్ర అని పెట్టుకున్నారు. పెరుగన్నం లాంటి సాధువు కూడా కత్తి దూశాడు.

2011లో సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, ఇంట్లోంచే పని చేయమన్నారు. ఆ పొద్దున గ్రూపులో ఎవరో, హైదరాబాదుని కట్టింది మేమే, మీరు గొర్రెలు కాసుకునేవాళ్ళు అని రాశాడు. మహేందర్‌కి ఒళ్ళు మండింది. మండదా మరి? గట్టిగా ఇచ్చాడు. వాళ్ళూ ఇచ్చారు. అతని ప్రతి మాటకీ లైకులు పడుతున్నాయి. అరుగు మీద ఇన్నేళ్ళు మంచి మాటలు రాసినా రాని మెప్పు ఒక్క పూటలో వచ్చింది. ఆ కోపంలో తీపి ఉంది, అది అతనికి నచ్చింది. ఆ ఊపులోనే రాశాడు: "ఇగ మీ ఆంధ్రోళ్ళకు మా దగ్గర చుక్క నీళ్ళు గూడ పుట్టయి."

దానికి పడిన లైకులు చూసుకుంటూ అన్నం కూడా ఆలస్యంగా తిన్నాడు. సాయంత్రం కుమార్ ఫోన్ చేశాడు. పుణ్యవతి గారి చెల్లెలు కాన్పులో పోయిందని, రక్తం అందలేదని, బిడ్డ మాత్రం బతికిందని చెప్పాడు.

"ఓ నెగటివ్ అంట అన్నా. పొద్దుగాల్నే గ్రూపుల పెట్టిందట. నువ్వు చూడలేదా?"

మహేందర్ గ్రూపు తెరిచి కిందికి జరుపుకుంటూ పోయాడు. అక్కడ కొత్త మాట పడిన తగువే పైకొస్తుంది, మిగతావన్నీ కిందికి పోతాయి. అతను ఒక్కో మాట విసిరినప్పుడల్లా ఆ తగువు పైకి లేచింది, ఆవిడ విన్నపం అడుక్కి దిగింది. చివరికి దొరికింది. మాదాపూర్ ఆసుపత్రి, అతని ఇంటికి బండి మీద ఎంతో దూరం లేదు. కింద ఎవరో ముగ్గురు లైకు కొట్టారు. రక్తం కావాలంటే లైకు కొట్టే కాలం వచ్చింది. వాళ్ళని అని ఏం లాభం, తను అదీ చేయలేదు.

దినాలయ్యాక బాచుపల్లి వెళ్ళాడు. చెల్లెలి ఇంట్లోనే ఉంది పుణ్యవతి. సన్నగా, నిద్రలేని కళ్ళతో, ఒళ్ళో పసిగుడ్డుతో. మనిషిని చూడటం అదే మొదలు. కూర్చోమంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలిసీ, దారి పొడుగునా కూర్చుకున్న మాటలు అతను చెప్పాడు.

"నేను చూడలే అక్కా. ఒట్టు. చూస్తే రాకపోదునా? నీ మెసేజ్ ఒక్కటి నాకు విడిగా వచ్చి ఉంటే..."

ఆవిడ బిడ్డ మీది గుడ్డ సర్దింది.

"రాశానండి," అంది. "మీ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూనే ఉంది. మీది ఓ నెగటివ్ అని నాకు తెలుసు కదండీ. తమ్ముడూ, త్వరగా రండి అని రాశాను. పంపించే ముందు, అసలు ఇంతసేపూ ఏం చేస్తున్నారోనని గ్రూపులోకి వెళ్ళి చూశాను. అప్పుడే పెట్టారు మీరు, చుక్క నీళ్ళు కూడా పుట్టవని. రాసింది తుడిపేశాను."

మహేందర్ తల వంచుకున్నాడు. కోపంలో అన్నానని, అది ఆవిణ్ణి అన్నది కాదని చెప్పబోయాడు.

"మీరు రారని కాదండీ," అంది పుణ్యవతి. ఇన్నేళ్ళుగా తమ్ముడూ అన్న మనిషి, ఎదురుగా కూర్చున్నవాణ్ణి ఒక్కసారైనా అలా పిలవలేదు. "అడిగాక కూడా మీరు కాదంటే తట్టుకోలేననిపించింది. ఇంకెవరినైనా అడుగుదాం, ఈయన్ని మాత్రం వద్దు అనుకున్నాను. వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ ఉండగానే అయిపోయింది."

వచ్చేవాణ్ణి అక్కా, అన్నీ వదిలేసి వచ్చేవాణ్ణి అని మహేందర్ గొంతు దాకా వచ్చింది. అది నిజం కూడా. బిడ్డ ఏడుపు అందుకుంది, ఆవిడ లేచి పాలు కలపడానికి లోపలికి వెళ్ళింది. ఆ నిజం అతని దగ్గరే మిగిలిపోయింది.