రెండో బిడ్డ వరుస

ప్రసూతి ఆసుపత్రి పైఅంతస్తులో ఆమె కంప్యూటర్ పని చూస్తుంది. కింద మందుల గదిలో సిరంజిలు నింపేది ఆమె మేనమామే. పొద్దున్నే పైఅంతస్తుకు ఫోన్ చేశాడు.

"ఏమే తల్లీ, మీ కంప్యూటర్ పసిబిడ్డల జాబితాలో ప్రతి వరుసా రెండుసార్లు ఇస్తోంది. కొట్టెయ్యలేక చస్తున్నా."

"పది నిమిషాలాగు మామయ్యా."

కారణం ఇట్టే దొరికింది. జాబితా తీసేటప్పుడు కంప్యూటర్ పగటి నర్సు డ్యూటీకొకటి, రాత్రి నర్సు డ్యూటీకొకటి జతచేయడంతో ఒక్కో బిడ్డకు రెండు వరుసలు వస్తున్నాయి. జాబితా తెమ్మని కంప్యూటర్‌కు రాసే ఆదేశంలో, అంటే క్వెరీలో, ఆమె డిస్టింక్ట్ అనే ఒక్క మాట చేర్చింది. అచ్చం ఒకేలా ఉన్న వరుసల్లో ఒక్కటే మిగిలింది.

"బతికించావే!" అన్నాడు మామయ్య.

మర్నాడు మధ్యాహ్నం ఏదో పని మీద ఆమె నిన్న రెట్టింపుగా వచ్చిన పాత జాబితా తెరిచింది. ఎనభై నాలుగు వరుసలు. సగం నలభై రెండు కావాలి. కొత్తదానిలో ముప్ఫై తొమ్మిదే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది.

జాబితాలో తల్లి పేరు, మంచం, పుట్టిన తేదీ, మందు ఉన్నాయి. బిడ్డ నంబరు లేదు. కవలలకు నాలుగూ ఒకటే. మూడు జంటల్లో రెండో బిడ్డ మాయమైంది.

లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్ల మీదుగా వార్డుకు పరుగెత్తింది. వార్డు నర్సు ముఖం చూస్తూనే, "కవలల్లో రెండో బిడ్డకు సూది ఎందుకు రాలేదని అడగలేదా అక్కా?" అంది.

"రెండు మంచాల వాళ్ళ గురించి అడిగి తెప్పించుకున్నాం. కిటికీ పక్క మంచానికి... లిస్టులో ఒక్కటే ఉంది కదా, డాక్టరుగారే ఆపేశారనుకున్నాం. వాళ్ళమ్మ రెండుసార్లు అడిగింది కూడా."

ఆ మంచం మీద ఒక బిడ్డే ఉంది. రెండోది తెల్లవారుజామున ఒళ్ళు కాలిపోతూ ఇంక్యుబేటర్ అద్దాల పెట్టెలోకి వెళ్ళింది.

సాయంత్రం ఆమె పై అధికారి గొంతు తగ్గించి, "యంత్రం లోపమని రాసేద్దాం" అన్నాడు.

"యంత్రం కాదు సార్. నేను."

నివేదికలో తన పేరే రాసింది. క్వెరీలో బిడ్డ నంబరు చేర్చి, నలభై రెండూ వచ్చాయని మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని సరిచూసింది.

పదకొండో రోజున బిడ్డ పెట్టెలోంచి బయటికొచ్చింది. ప్రాణభయం లేదన్నారు. జబ్బు మెదడుదాకా పాకింది కనక, చెవులు వినిపిస్తాయో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆమె వెళ్ళి తల్లికి అంతా చెప్పింది. తల్లి బిడ్డ చెవి దగ్గర చిటిక వేసింది. కాసేపాగి, ఇంకాస్త గట్టిగా వేసింది.